మైనస్ వన్‌లోని నీళ్లు

పొద్దున్నే పక్కగదిలో మీటల టకటక మొదలైతే మునిరాజ్ రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినట్టే. తిరువళ్లూరు ఫ్యాక్టరీ పనికి రాకముందు అతను పళవేర్కాడు ఉప్పునీటి సరస్సులో రొయ్యలు పట్టేవాడు. ఇప్పుడు యూనిఫారం కూడా విప్పకుండా చాప మీద కూర్చుని, టీవీలో పాత వీడియో గేమ్ ఆడతాడు. టోపీ బొమ్మను గొట్టం అంచున వంచి వెనక్కి ఎగిరిస్తాడు. సరిగ్గా కుదిరితే బొమ్మ ఇటుకల్లోంచి జారి గోడ దాటుతుంది. అవతలి గొట్టానికి ఎక్కడికి పంపాలో చెప్పే అంకె ఇంకా అంది ఉండదు. ఆలోపే దూరితే ఆట పొరబడి, ఎవరూ కట్టని మైనస్ వన్ అనే నీటిలోకంలో వదిలేస్తుంది. దాని చివరి గొట్టం మళ్లీ మొదటికే తెస్తుంది. తెర మూలన టైము తరిగిపోతుంటుంది గానీ, ఎంత ఈదినా ఒడ్డు రాదు. బొమ్మ ఈదుతున్నంతసేపూ మునిరాజ్ భుజాలు తెడ్డు వేస్తున్నట్టు మెల్లగా ఊగుతాయి.

నిన్న ఉండబట్టలేక అడిగాను. “ఏం మునిరాజూ, మళ్లా మునిగినావా? ఆదివారం లీవే గదా, పొన్నేరి బస్సెక్కి ఊరికి పోయి రారాదా?”

అతను తెర మీంచి చూపు తిప్పలేదు. “పర్మనెంటు కావాలంటే ఇంకా ఎనిమిది నెలలు ఈడనే ఉండాల. ఆ నీళ్లు చూస్తే యాడ తిరిగొస్తా, అన్నా? దీంట్లో అయితే, టైము అయిపోతానే అదే నన్ను బయటికి తోసేస్తాది.”