దీపం లేని ఫోటో

కరోనా తగ్గాక వచ్చిన మాఘమాసంలో, చేవెళ్లలో నేను పనిచేసే స్టూడియోకు దగ్గర్లోని ఆలూరు ఊరివాళ్ల పెళ్లి పని వచ్చింది. పెళ్లి మొయినాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో. నా పని మిక్సింగ్. తీసిన వీడియోను కోసి, అతికించి, పాట చేర్చే పనిని మా లైన్లో క్యాసెట్ల కాలం నుంచీ అలాగే పిలుస్తారు. స్టూడియోలో ఓనర్ తర్వాత హోదా ఫోటోగ్రాఫర్‌ది, ఆ కింద వీడియో తీసేవాడిది, చివర మాది. పెళ్లివారికి మా ముఖం కూడా తెలియదు. నాకు మాత్రం వాళ్ల మేనత్తల దాకా అందరి ముఖాలూ తెలుసు.

పెళ్లిలో ఎల్‌ఈడీ తెర మీద వధూవరుల పాత ఫోటోలను పాటతో వేయడం ఇప్పుడు రివాజు. దాన్ని స్లైడ్‌షో అంటాం. ఫోటోలను టైమ్‌లైన్ మీద, అంటే సాఫ్ట్‌వేర్లో అడుగున ఉండే పట్టీ మీద, వరసగా పేర్చాలి. పాటలో దరువు పడిన చోట ఫోటో మారాలి. చనిపోయినవాళ్లుంటే పద్ధతి వేరు. పాట ఆగి ఫ్లూటు వస్తుంది, ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లోకి మారుతుంది, పక్కన దీపం వెలుగుతుంది. అందుకే ఫోటోలు తెచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది, వీళ్లలో ఎవరెవరు లేరని.

పెళ్లికూతురు సునీత తన నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పత్రికలు పంచడానికి షాబాద్ వైపు వెళ్లిందట. నేను అడగ్గానే ముసలామె ఒక ఫోటో ముందుకు జరిపింది.

"గీడు నా కొడుకు. ఈ పిల్ల బడికి పోకముందే పోయిండు" అంది.

ఆయనది ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. ఎవరి పెళ్లిలోనో తీసింది. పప్పు బకెట్ పట్టుకుని బంతిలో వడ్డిస్తూ, నోరు తెరిచి ఎవరినో పిలుస్తున్నాడు. నేను అలవాటు ప్రకారం ముఖం వరకు కోసి, వెనక నీలం రంగు పరిచి, దీపం పెట్టి చూపించాను. పని శుభ్రంగా కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

సునీత ఒప్పుకోలేదు. "బకెట్ తీయకుండ్రి కాకా. పాట గూడ ఆపకుండ్రి. అందరొచ్చినట్టే మా బాపు రావాలె" అంది. పెళ్లికొడుకు వాళ్లది గుంటూరు వైపు. ఉద్యోగాలకు నగరానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వాళ్లలో ఒక్కరూ ఆమె తండ్రిని ఎరగరు. "ఫస్ట్ టైం సూసుడే దీపం పక్కన సూడాల్నా?" అని నన్నే అడిగింది.

నాయనమ్మ మండిపడింది. "పోయినోన్ని బతికినోళ్ల నడుమ కలుపుతరానే? రేపు ఎవలన్న ఏడున్నడని అడిగితే ఏం జెప్తవ్?"

నిజానికి నేను ముసలామె పక్షమే. కానీ ఆ మనిషి నవ్వుతున్నాడా, అరుస్తున్నాడా అన్నది నాకు ఎంతకీ తేలలేదు. కుతూహలం ఆగక రెండు రకాలుగా మిక్స్ చేశాను. రెండింటిలోనూ రంగు, బకెట్ అలాగే ఉంచాను. ఫ్లూటు పెడితే తెరిచిన నోరు ఏదో బాధతో పిలుస్తున్నట్టుంది. హుషారైన సినిమా పాట మధ్య, దరువు మీద, సునీత చిన్నప్పటి ఫోటో తర్వాత వెంటనే పెడితే అదే నోరు నవ్వింది. ఇన్నేళ్లు ఈ పని చేసి కూడా పాటకు ముఖాన్ని మార్చే శక్తి ఉందని నేను గమనించలేదు. వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశాను.

మర్నాడు ఇద్దరికీ రెండూ వేసి చూపించాను. ముసలామె రెండోది మళ్లీ వేయమంది. "గిట్లనే నవ్వుతుండె" అంది. అయినా దీపం పెడితేనే మంచిదని కూడా అంది. చివరికి పెళ్లికూతురి మాటే నెగ్గింది. ఫికర్ మాత్రం నాకు పట్టుకుంది.

ఫైలు తెర కొలతకు సరిపోకపోతే ముఖాలు సాగిపోతాయి. అప్పటికప్పుడు సరిచేయడానికి మిక్సింగ్ మనిషి ఉండాలి కాబట్టి పెళ్లి రోజు హాల్లో తెర నడిపే బల్ల దగ్గర కూర్చున్నాను. నాయనమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. పాట మధ్యలో ఆ ఫోటో, బకెట్‌తో సహా, కింద "మా బాపు" అన్న అక్షరాలతో వచ్చి వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. నా గుండె కుదుటపడింది.

స్లైడ్‌షో అయిపోయాక మగపెళ్లివారి తరఫు పెద్దాయన ఒకరు, దూరపు చుట్టం కాబోలు, ముసలామె దగ్గరకు వచ్చారు. "ఆ వడ్డిస్తున్నాయన అమ్మాయి నాన్నగారేనాండీ? భలే కలుపుగోలు మనిషిలా ఉన్నారే. ఎక్కడున్నారో చెబితే ఒకసారి పలకరిస్తాను" అన్నారు.

ఆమె భయపడిన ప్రశ్న అదే. నేను ఆమె వైపు తిరిగాను. ముసలామె నా వైపు చూడనైనా లేదు.

"ఇప్పటిదాంక ఈడనే ఉండె గద బాబూ. బంతిల ఏడనో వడ్డిస్తుంటడు. పోయి తినుండ్రి" అంది.

ఆయన తలూపి భోజనాల వైపు వెళ్లారు.

చూపు సహకరించక పని మానేసేదాకా, ఎవరెవరు లేరని అడుగుతూనే ఉన్నాను. అది అడగకుండా ఈ పని సాగదు. ఆ పెళ్లి తర్వాత దానికి ఇంకో ప్రశ్న చేర్చాను: వాళ్లు తెర మీదికి ఎలా రావాలని. చాలామంది దీపమే పెట్టమన్నారు. పెట్టాను.