మాచర్ల మాస్టారి గొంతు, మా రాహేలత్త నోరు

నా చేతుల మీదుగా జరిగిన ఘోరాలు చానా ఉన్నాయి గానీ, వాటన్నిటికీ పెద్దన్నలాంటిది ఒకటుంది. మాచర్ల డ్రిల్లు మాస్టారి గొంతు పోగొట్టాను. పోగొట్టడమంటే ఐసు నీళ్ళు తాగించి కాదు. ఆయన గొంతు తీసి మా మేనత్తకు పెట్టాను, మా మేనత్త గొంతు తీసి ఆయనకు పెట్టాను. అది కూడా ఎప్పుడనుకున్నారు? నాకు పిల్లనివ్వొచ్చో లేదో చూసుకుపోదామని ఆయన వచ్చిన రోజున.

ఇప్పటి పిల్లలకు చెబితే నా నుదురు పట్టుకుని జ్వరమేమోనని చూస్తారు. ఎనభైల్లో మా పల్నాడులో గాయబు పెట్టెలుండేవి. నరసరావుపేట బస్టాండు వెనక ఒకటి, వినుకొండలో ఒకటి, గురజాలలో ఒకటి, మాచర్లలో ఒకటి. చూడ్డానికి ఇనప బీరువాకు కాస్త ఒళ్ళొచ్చినట్టుండేది. మనిషి లోపలికెళ్ళి తలుపేసుకుంటే బయట ఆపరేటరు లివరు లాగేవాడు. టప్పుమని చప్పుడు, కాలిన బెల్లం వాసన, అంతే! ఇక్కడ మనిషి గాయబు. అదే క్షణంలో మాచర్ల పెట్టె తలుపు తీసుకుని, చొక్కా సర్దుకుంటూ దిగేవాడు. సర్కారు వాళ్ళు దానికి నోరు తిరగని పేరేదో పెట్టి బోర్డు రాయించారు గానీ, ఆ బోర్డు మీద కాకులు వాలడమే తప్ప ఎవరూ చదివిన పాపాన పోలేదు. కొత్తల్లో జనం పెట్టెకు దండం పెట్టుకుని ఎక్కేవాళ్ళు. కొన్నాళ్ళకు అందులో గొడుగులు, క్యారేజీలు మర్చిపోయేంత అలవాటైంది.

నరసరావుపేట పెట్టెకు ఆపరేటర్ని నేను. అప్పుడే కొత్తగా ఉద్యోగం, కొత్తగా మీసం, కొత్తగా బెల్‌బాటమ్ పాంటు. ఆ పాంటుతో నడిస్తే బస్టాండు ఊడవాల్సిన పని ఉండేది కాదు. లివరు లాగేటప్పుడు విమానం నడుపుతున్నట్టు ముఖం పెట్టేవాణ్ణి. ట్రైనింగులో మాకు ముఖ్యంగా చెప్పింది ఒకటే. ఎర్ర బల్బు వెలిగిందంటే అవతలి నుంచి ఎవరో బయల్దేరుతున్నారని అర్థం, అప్పుడు లివరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దారిలో ఇద్దరూ ఒకరినొకరు రాసుకుని పోతారు. ఒకసారి వినుకొండలో ఎవరో ఇట్లాగే చేస్తే, ఇటు నుంచి పోయిన బెల్లం కారంగానూ, అటు నుంచి వచ్చిన మిరపకాయలు తియ్యగానూ దిగాయట. మళ్ళీ రెండిటినీ ఒకేసారి ఎదురెదురుగా పంపితే గానీ ఎవరి రుచి వాళ్ళకు రాలేదట. నేను ఆ కథ విని పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వినవాణ్ణి గుర్తుపెట్టుకోవచ్చు కదా! లేదు.

ఇక మా రాహేలత్త సంగతి. నా చిన్నప్పుడే అమ్మానాన్న పోతే నన్ను పెంచింది ఆమే. బంగారంలాంటి మనిషి, కానీ దేవుడు గొంతు ఇచ్చేటప్పుడు చెయ్యి బిగబట్టాడు. చీమ తుమ్మినట్టుండేది. "అన్నం పెట్టమంటారా" అని అడిగితే ఇంట్లో మా బాబాయిలెవరికీ వినపడేది కాదు. మళ్ళీ అడిగి, మళ్ళీ అడిగి, ఆఖరికి తనే తినేసి పడుకునేది. మర్నాడు వాళ్ళు "మాకు పెట్టకుండా తినేసింది" అని తగాదా. దానికి ఆమె చెప్పుకున్న సమాధానం కూడా ఎవరికీ వినపడలేదు.

దానియేలు మాస్టారు ఇందుకు సరిగ్గా ఎదురు. ఆయన మాచర్ల స్కూలు గ్రౌండులో "అటెన్షన్!" అంటే, పక్కవీధిలో సైకిలు మీద పోయేవాడు దిగి నిలబడేవాడు. ఆయన కూతురు కరుణను మా ఇంట్లోవాళ్ళు నాకు అడుగుతున్నారు. కుర్రాడి ఉద్యోగం చూడాలి, నడత చూడాలి అని ఆ రోజు పొద్దున్నే పెట్టెలో వస్తానని కబురు పెట్టాడు.

ఆ పొద్దున మా అత్త కూడా కొత్త చీర కట్టుకుని పెట్టె దగ్గరకొచ్చింది.

"నువ్వెక్కడికత్తా?"

"మాచర్ల పోతన్నా. పిల్లని చూసొస్తా."

"ఏందీ?" నాకు వినపడలేదు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"పిల్లని చూసొస్తాన్రా! ఆయన ఇంట్లో ఉంటే ఆడవాళ్ళు నోరు విప్పరంట. ఆయన ఇటొచ్చినప్పుడే నేనటు పోవాల. పంపు, పంపు, తొందరగా పంపు."

ఉపాయం బాగానే ఉంది. ఆమెను పెట్టెలో నిలబెట్టి తలుపేశాను. ఇక్కడ మీకో విషయం చెప్పాలి. మాస్టారు వస్తున్నాడు కదా అని, క్రాపు సరిచేసుకోవడానికి ఇంటి దగ్గర్నుంచి అద్దం తెచ్చి గోడకు తగిలించాను. మేకు కోసం వెతికితే ఖాళీ మేకు ఒకటే కనపడింది. అది ఎర్ర బల్బుకు సరిగ్గా పైన ఉంది. అద్దంలో నా మీసం అద్భుతంగా కనపడింది. దాని వెనక బల్బు ఎర్రగా మండుతోందని నాకేం తెలుసు? ఎడం చేత్తో దువ్వుకుంటూ, కుడి చేత్తో లివరు లాగాను.

టప్పుమనాల్సింది టటప్పుమంది. బెల్లం వాసనకు బదులు కొబ్బరినూనె, చెమట కలిసిన వాసనొచ్చింది. తలుపు తీసుకుని దానియేలు మాస్టారు దిగాడు. ఖాకీ నిక్కరు, మెళ్ళో ఈల, కొడవలి మీసం. కాళ్ళు ఎడం చేసి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు.

"ఏమయ్యా, నువ్వేనా ప్రకాశం?"

చీమ తుమ్మింది.

నేను ఆయన్ని దాటుకుని పెట్టెలోకి తొంగి చూశాను. "అత్తా! నువ్వింకా పోలేదా?"

"అత్తేంది? ఎవుర్రా అత్త?" అన్నాడు మాస్టారు అత్త గొంతుతో. అని, ఉలిక్కిపడి, తన కంఠం పట్టుకున్నాడు. దగ్గాడు. దగ్గు కూడా మా అత్తదే. "ఇదేంది? నా గొంతేది? ఒరేయ్, నా గొంతేదిరా?"

ఆ మీసానికీ ఆ గొంతుకూ మధ్య నేను ఇరుక్కుపోయాను. నవ్వకూడదని పళ్ళు బిగించాను. ముక్కులోంచి వచ్చింది. ముక్కు మూసుకున్నాను. భుజాల్లోంచి వచ్చింది. చివరికి నేలమీద కూలబడి, బెల్‌బాటంలో ముఖం దాచుకుని నవ్వాను. నన్ను అల్లుణ్ణి చేసుకోవడానికొచ్చిన పెద్దమనిషి ఎదురుగా! ఆయన కోపంతో అరిచేకొద్దీ గొంతు ఇంకా సన్నబడుతోంది. చివర్లో ఉట్టి పెదాలే కదిలాయి.

అంతలో టేబులు మీద ఫోను మోగింది. మాచర్ల పెట్టె ఆపరేటరు మస్తాను.

"ప్రకాశం భాయ్, మీ అత్తమ్మ దిగింది. దిగి 'బాబూ, మాస్టారిల్లు ఎటు?' అని అడిగింది. నేను లేచి సెల్యూట్ కొట్టేశాను భాయ్! ఆ గొంతుకు భయపడే కదా నేను బడి మానేసింది."

మాస్టారు ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్ మస్తానూ! నేనురా, మాస్టార్ని!"

"మాస్టారు లేరమ్మా. నరసరావుపేట పోయారు."

"నేనే మాస్టార్నిరా గాడిదా!"

"తిట్టబాకమ్మా. వచ్చాక చెప్తాలే. పేరు చెప్పు."

నేను ఫోను తీసుకుని జరిగింది చెప్పి, అత్తను వెంటనే వెనక్కి తీసుకురమ్మని బతిమాలాను. మస్తాను పోయి, చానాసేపటికి ఆమెను పెట్టె దగ్గరకు తెచ్చి ఫోను ఇచ్చాడు. ఇక్కడ మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో! ఎవరూ?" అని ఫోను అదిరింది. ఇటు గదిలో ఉన్న నాకే వినపడింది.

దానియేలు మాస్టారు మడమలు దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడ్డాడు. తన గొంతుకు తనే! తర్వాత తేరుకుని, "నేనమ్మా, దానియేల్ని" అన్నాడు.

"అన్నయ్యగారా! దేవుడికి స్తోత్రం. మీ అమ్మాయి చక్కని పిల్ల. మీ ఆవిడ కాఫీ కలపతా ఉంది. మళ్ళీ పోయి తాగి వస్తా."

"కాఫీ కాదమ్మా, నా గొంతు..."

"గట్టిగా చెప్పండన్నయ్యా, వినపడట్లా!" అని పెట్టేసింది.

మాస్టారు ఫోను వంక చూస్తూ నిలబడిపోయాడు. దాన్ని టేబులు మీద పెట్టి నన్నడిగాడు. "అబ్బాయ్. నా గొంతు ఎప్పుడూ అట్టానే ఉంటదా?"

"అవునండీ."

"నాకు ఒళ్ళు జలదరించిందయ్యా" అన్నాడు.

అత్త ఆ పూటంతా రాలేదు. మాచర్లలో ఆమె ఏం చేసిందో తర్వాత మస్తాను చెప్పాడు. రిక్షావాడు ఆమె నోరు తెరవగానే సీటు తుడిచి ఎక్కించుకున్నాడట. దారిలో చర్చి కనపడితే దిగి, ఒక్కతే నిలబడి పాట పాడిందట. పావురాలన్నీ లేచిపోయాయట. మా అత్త పాట పాడుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇక్కడ నేనూ మాస్టారూ బస్టాండు టీ బంకు దగ్గర కూర్చున్నాం. ఆయన టీ చెప్పాడు. బంకువాడికి వినపడలేదు. మళ్ళీ చెప్పాడు. పక్కవాళ్ళకు పోశాడు గానీ ఈయనకు పొయ్యలేదు. చెయ్యెత్తాడు. బంకువాడు ఈయన తలమీంచి ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. నేను చెప్తానంటే వద్దన్నాడు. ఈల నోట్లో పెట్టుకోబోయి, అది కూడా మానుకుని, అట్లాగే కూర్చున్నాడు. అంత పెద్దమనిషి టీ కోసం బిక్కముఖం పెట్టుకుని కూర్చుంటే నాకు నవ్వు రాలేదు. మా అత్త గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు మా ఇంట్లో ఆమె ఇట్లాగే కూర్చుంది కదా అనిపించింది.

ఎండ తగ్గుముఖం పట్టాక అత్త ఫోను చేసింది. "పంపరా. ఎవరిది వాళ్ళకిచ్చేద్దాం" అంది. ఆ పెద్ద గొంతులో కాస్త దిగులుంది.

మాస్టారు పెట్టె ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "నీకు పిల్లనిచ్చేది లేదు. పని చేసే చోట అద్దాలా!" అని సన్నగా తేల్చి చెప్పి తలుపేసుకున్నాడు. మస్తానూ నేనూ ఫోనులో కూడబలుక్కుని ఒకేసారి లివర్లు లాగాం. టటప్! మా అత్త దిగి "ఒరేయ్" అంది. వినపడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

సంబంధం పోయిందని నేను బెల్‌బాటం మడిచి ఇంట్లో ట్రంకులో పెట్టేశాను. కానీ ఆదివారం నాటికి కబురొచ్చింది. పెళ్ళి ఖాయం! విషయమేమంటే, ఆ రోజు మాస్టారింటి వసారాలో మా అత్త "ఈ సంబంధం ఖాయం" అంటే అది మాస్టారి గొంతుతో వీధి వీధంతా వినపడింది. ఇరుగుపొరుగు వచ్చి శుభాకాంక్షలు చెప్పి, అరిసెలు కూడా తినిపోయారు. మాస్టారు ఇంటికెళ్ళి "నేననలేదు" అంటే, "మేం మా చెవులతో విన్నాం కదండీ" అన్నారు. ఒకసారి మాటంటే వెనక్కి తీసుకోడని ఆయనకు ఊళ్ళో పేరు. పేరు కోసం నన్ను భరించాడు.

ఆ పెట్టెలు ఇప్పుడు లేవు. బస్సులు పెరిగాక ఎక్కేవాళ్ళు తగ్గి, ఒక్కొక్కటీ తుప్పు పట్టాయి. మా నరసరావుపేట పెట్టెను విప్పుకుపోతుంటే నేను పోయి చూసొచ్చాను. మా అత్త పోయి కూడా చానా ఏళ్ళయింది. ఈ మధ్యొక సాయంత్రం ఇవన్నీ తలుచుకుంటూ కరుణను అడిగాను.

"ఆ రోజు వచ్చింది మీ నాన్న కాదని నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? ఎదురుగా చీర కట్టుకుని కూర్చుంటే!"

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

ఆమె చిక్కుడుకాయలు వలుస్తున్నదల్లా ఆగింది. "మీ అత్త నా చెయ్యి పట్టుకుని, 'నీకిష్టమేనా తల్లీ?' అని అడిగింది. మా నాన్న గొంతులో. ఆ గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలా. ఏడుపొచ్చింది. ఊ అన్నా."

నాకు గర్వంతో మీసం నిలబడింది. "అంటే నేనంటే ఇష్టమనేగా?"

"నువ్వెవరో నాకేం తెలుసు? నిన్నప్పటికి చూళ్ళేదుగా. అడిగారు కదాని ఊ అన్నా. టీ తాగుతావా అని అడిగినా ఊ అనేదాన్నే."

కాబట్టి చదువుతున్న మీ అందరి సాక్షిగా, పల్నాడులో మిగిలిన ఇనప బీరువాలన్నిటి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా పంపను. ఈ వయసులో మళ్ళీ పెళ్ళయ్యే ప్రమాదం ఉంటే భరించే ఓపిక నాకు లేదు, నన్ను భరించే ఓపిక ఇంకొకరికి ఉంటుందన్న నమ్మకం అసలే లేదు.