మరకల బల్ల

ఆ హోటల్లో మూడు వందల గదులున్నాయి. ఏ గదిలో ఎవరు దిగారో పైన కౌంటరులో రాసుకుంటారు. దిగినవాళ్లు దుప్పట్ల మీద ఏం ఒలకబోసుకున్నారో మాత్రం నేల కింది అంతస్తులో ఉన్న లాండ్రీకే తెలుసు.

ఆ లాండ్రీలో, తడిగదిలో, పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ కప్పక్క అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. తడి వదిలి బయటికి రాదు గనక కప్ప, వయసులో పెద్దది గనక అక్క. ఆ పేరు పెట్టినవాళ్లకు మర్యాద తెలియదని అనడానికి వీల్లేదు.

తడిగదిలో పని చెప్పడానికి చాలా తేలిక. ఉతికే మెషిన్‌లోంచి దుప్పట్లు లాగాలి, ఎత్తి పిండే మెషిన్‌లో పడెయ్యాలి. రోజుకు రెండు వందల నలభై. నేల మీద ఎప్పుడూ చీలమండల దాకా నీళ్లుంటాయి. పని మొదలైన అరగంటకల్లా అందరి బట్టలూ నడుము దాకా తడిసిపోతాయి. కొత్తగా చేరినవాళ్లు రెండేళ్లు తిట్టుకుంటూ పనిచేసి, మోకాళ్ల నొప్పులు చూపించి, పై అంతస్తులో ఇస్త్రీ గదికి మారిపోతారు. కప్పక్కను మూడుసార్లు పైకి రమ్మన్నారు. మొదటిసారి అక్కడి ఉక్క పడదంది. రెండోసారి మెట్లెక్కలేనంది, పక్కనే లిఫ్టున్నా సరే. మూడోసారి ఇక ఏమీ తోచక నీళ్లంటే ఇష్టమంది. ఆ మూడో మాటే ఆవిడకు పేరై కూర్చుంది.

అసలు సంగతి ఇది. చేరిన ఏడాది మూడో కాన్పయింది. ఇరవయ్యో రోజునే ఆవిడ పనిలోకి వచ్చేసింది. కాన్పు సెలవులు పర్మినెంటు వాళ్లకే. రోజుకూలి మీద ఉన్నవాళ్ల బిడ్డలు ఆ సంగతి తెలుసుకుని పుట్టాలి కాబోలు. వచ్చిన రోజే తడి బట్టల బుట్ట ఎత్తింది. పొత్తికడుపులో ఏదో పట్టు వదిలినట్టయింది. అప్పట్నుంచీ దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా మూత్రం పడిపోతుంది. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో దిగజారి వేలాడుతున్నట్టుంటుంది, నడుము లాగేస్తుంది. అత్తగారికి చెబితే, "పిల్లల్ని కన్నాక మామూలేనే. నాకూ ఉంది," అంది. వైద్యం అంతటితో పూర్తయింది. భర్త ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. మనుషుల్ని పైకీ కిందికీ చేర్చడమే తప్ప వాళ్ల సంగతులు అడగడం అతని ఉద్యోగంలో లేదు. ఇంట్లోనూ అదే పద్ధతి.

కప్పక్క తన ఏర్పాట్లు తను చేసుకుంది. చిరిగిన తువ్వాళ్ల ముక్కలు మడిచి లోపల పెట్టుకునేది. పొద్దున ఇంట్లో అరగ్లాసు నీళ్లు తాగితే మళ్లీ పని దిగాకే. రోజంతా నీళ్లలో నిలబడి గొంతెండి ఉండేది. ఎవరైనా జోకు వేస్తే ముందు గోడకు ఆనుకుని, కాళ్లు బిగించి, అప్పుడు నవ్వేది. అప్పటికి మిగతావాళ్లు నవ్వడం అయిపోయేది. జోకులు ఆలస్యంగా అర్థమవుతాయని ఇంకో పేరు కూడా వచ్చింది. ఏమైతేనేం, అందరూ తడిసిన చోట ఆవిడ తడిని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇలా ఉండగా పై అంతస్తులో మరకల బల్ల ఖాళీ అయింది. ఉతికిన ప్రతి దుప్పటీ ఆ బల్ల మీదికి వస్తుంది. పెద్ద దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, మరక లేకపోతే "లేదు" అని పైకి అనాలి, ఉంటే అది ఏ మరకో చెప్పి వెనక్కి పంపాలి. లాండ్రీ మొత్తంలో కూర్చుని చేసే పని అదొక్కటే. జీతమూ ఎక్కువే. తడిగదిని చూసుకునే మేస్త్రీ ఒక సోమవారం వచ్చి కప్పక్క పక్కన నిలబడ్డాడు.

"ఈసారి నీళ్లంటే ఇష్టమని చెప్పకు. టీ మరక చూసి అందులో పాలెన్ని పోశారో చెప్పేదానివి నువ్వొక్కదానివే. శనివారంలోపు ఏదో ఒకటి తేల్చు. లేదంటే మేనేజరు మరదలు వచ్చి కూర్చుంటుంది. ఆవిడకి సిరాకీ కాఫీకీ తేడా తెలీదు."

"చూస్తానన్నా," అంది కప్పక్క.

ఆ కుర్చీ మీద ఆవిడకు ఎంత ఆశ ఉందో చెప్పాలంటే, భోజనాల వేళ ఏదో వంకన పైకి వెళ్లి దాన్ని చూసి వచ్చేది. ఎత్తు కుర్చీ. దానికి తెల్లటి గుడ్డ తొడుగు. అక్కడే వచ్చింది చిక్కంతా. మరకలు పట్టుకోవాల్సిన మనిషే ఆ తొడుగు మీద మరక పెట్టి లేస్తే, లాండ్రీ ఏడాది పాటు నవ్వుకుంటుంది. అదీ గోడకు ఆనుకోకుండా.

బుధవారం నాడు అతిథుల బట్టలు వచ్చాయి. ఉతికే ముందు జేబులు వెతకడం అక్కడి పద్ధతి. దొరికిన కాగితాన్ని కవరులో పెట్టి గదికి పంపాలి, చదవకూడదు. ఎవరో డాక్టరు కోటు జేబులో ఒక కరపత్రం దొరికింది. "దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా?" అని పెద్ద అక్షరాలతో అడుగుతోంది. తనను పదకొండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న డాక్టరు జేబులో ఉంది. కప్పక్క పద్ధతి తప్పి మొత్తం చదివింది. ఆసుపత్రి పేరు రెండుసార్లు చదివి, కాగితాన్ని కవరులో పెట్టి పంపేసింది.

గురువారం సెలవు పెట్టి వెళ్లింది. ఆసుపత్రి వరండాలో, రెండు కుర్చీల ముందు బల్ల వేసుకుని, డాక్టరు చదువు చదువుతున్న అమ్మాయి ఒకతె కాగితాలు నింపుతోంది. పదహారు ప్రశ్నలు. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లకు వైద్యం ముందు.

"ఈ సమస్య వల్ల వ్యాయామం, ఈత లాంటివి మానేశారా అండీ?"

"లేదమ్మా."

"సినిమాలకీ నాటకాలకీ వెళ్లడం తగ్గించారా?"

"లేదు." తగ్గించాలంటే ముందు వెళుతూ ఉండాలి.

"దూర ప్రయాణాలు? స్నేహితులతో బయట భోజనాలు?"

"లేదమ్మా."

"దీనివల్ల ఉద్యోగానికి ఎన్నిసార్లు సెలవు పెట్టారు?"

"ఇవాళ తప్ప ఒక్కరోజు కూడా లేదు." ఇది మాత్రం కాస్త గర్వంగానే చెప్పింది.

"మనసు కుంగిపోతూ ఉంటుందా?"

"అంత తీరిక ఉండదమ్మా."

అమ్మాయి కూడింది. నలభై ఎనిమిదికి మూడు వచ్చాయి. "మీ జీవితం మీద దీని ప్రభావం చాలా తక్కువండీ," అంది, మంచి వార్త చెబుతున్నట్టు. "ఆర్నెల్ల తర్వాత రండి. ఇబ్బంది ఎక్కువున్న వాళ్లని ముందు చూస్తున్నాం."

కప్పక్క సరేనని లేచింది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, అయినా ఏదో మోసం జరిగినట్టుంది, చేసిందెవరో తెలియలేదు. చెప్పు పట్టీ బిగించుకోవడానికి వంగింది. ఈలోగా పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ వంతు వచ్చింది. మెత్తటి శాలువా, మంచి చేతిసంచి, బయట కారుతో డ్రైవరు.

"రోజూ పొద్దున అరగంట ఈదేదాన్నమ్మా," అంటోంది ఆవిడ. "ఎవరైనా కనిపెడతారేమోనని రెండేళ్లుగా నీళ్లలోకే దిగడం లేదు." అమ్మాయి ఆ ఒక్క ప్రశ్నకే మూడు మార్కులు వేసింది.

కప్పక్కకు ఆవిడ మీద జాలే కలిగింది. కారున్న మనిషికైనా ఇది ఇదే కదా అనుకుంది. గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. కోపం వచ్చింది, అదీ మామూలు కోపం కాదు, పదకొండేళ్ల కోపం. వెనక్కి వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించింది.

"అమ్మాయ్, నా కాగితం మళ్లీ తియ్యి. ఆవిడ నీళ్లలోకి దిగడం మానేసింది. నేను నీళ్లలోంచి పైకి రావడం మానేశాను. దానికెన్ని మార్కులు?"

అమ్మాయి పదహారు ప్రశ్నలూ పైనుంచి కింది దాకా చూసింది. "ఆ ప్రశ్న ఇందులో లేదండీ."

"లేకపోతే రాయి."

గొంతు పెద్దదైంది. లోపల్నుంచి పెద్ద నర్సు వచ్చింది. కాగితం చూసి, తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట పెన్ను పెట్టి తన ప్రశ్నలు తను అడిగింది.

"రోజుకెన్ని దుప్పట్లు ఎత్తుతావమ్మా?"

"రెండొందల నలభై."

"నీళ్లెప్పుడు తాగుతావు?"

"పని దిగాక."

"నవ్వుతావా?"

కప్పక్క జవాబు చెప్పబోయింది. పదకొండేళ్లుగా రాని ఏడుపు ఆ వరండాలో, అందరి ముందూ వచ్చేసింది. పెద్దావిడ తన చేతిరుమాలు ఇచ్చింది. నర్సు పెన్ను మూసింది.

"లోపలికి రా," అంది. పరీక్ష చేశాక చెప్పింది: "గర్భసంచి జారింది. మెత్తటి రింగు పెడతాం, అది పైకి పట్టి ఉంచుతుంది. మూణ్ణెల్లకోసారి వచ్చి చూపించుకోవాలి. కండరాలు బిగించే వ్యాయామం నేర్పిస్తా, రోజూ చెయ్యాలి. పూర్తిగా తగ్గిపోతుందని మాటివ్వను. బరువులు మాత్రం మానెయ్. కూర్చుని చేసే పనేమైనా ఉందా?"

"ఒకటుంది," అంది కప్పక్క ముక్కు తుడుచుకుంటూ. "శనివారం దాకా."

గురువారమే రింగు పెట్టారు. శనివారం పొద్దున్నే మేస్త్రీకి సరేనని చెప్పింది. అతను నమ్మక రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రం మేనేజరు మరదలు చాలా బాధపడిందని విన్నారు.

సోమవారం కప్పక్క లేతరంగు యూనిఫారంలో ఎత్తు కుర్చీ ఎక్కింది. మడిచిన గుడ్డ పెట్టుకునే వచ్చింది, నర్సే మాటివ్వనప్పుడు నమ్మకం ఎలా కుదురుతుంది? మొదటి గంటలో నలభై దుప్పట్లు చూసింది. రెండు టీ, ఒక లిప్‌స్టిక్. మిగతావన్నీ "లేదు." రెండో గంటలో గంజిపొడి బస్తా విప్పారు. దుమ్ము లేచింది. కప్పక్క తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. పట్టుకోవడానికి గోడ అందేంత దూరంలో లేదు.

పని ఆగలేదు, ఆవిడ ఒక్కతే ఆగింది. మెల్లగా దిగింది. కుర్చీ తొడుగు ఊడదీసి దీపం కింద పరిచింది. దుప్పటిని చూసినట్టే ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది, వేళ్లతో తడిమింది.

"ఏంటక్కా వెతుకుతున్నావు?" అంది ఇస్త్రీ చేస్తున్న పిల్ల.

"మరక."

"ఉందా?"

"లేదు," అంది కప్పక్క, ఆ బల్ల దగ్గర అనాల్సినంత గట్టిగా. తొడుగు మళ్లీ కుర్చీకి ఎక్కించి కూర్చుంది. "ఆ మంచినీళ్ల జగ్గు ఇలా అందుకో. దాహంగా ఉంది."