గోబర్ గ్యాస్ మంట మీద మలీద

మొన్న నర్మెట్ట దగ్గర చుట్టాల పొలానికి పోతే టీ ఇచ్చారు. గోబర్ గ్యాస్ మీద కాచిన టీ అని వాళ్ళు గొప్పగా చెప్పగానే, పక్కన నల్లటి సంచిలా ఉబ్బి ఉన్న ఆ ప్లాంటు వైపు, దాని అవతలి బాత్రూం వైపు నా కళ్ళు వాటంతటవే పోయాయి. మధ్యలో పైపేమైనా ఉందా అని వెతికి, లేదని తేల్చుకున్నాకే గ్లాసు అందుకున్నాను. పులిసిన పేడ వాసన సన్నగా ముక్కుకు తగిలింది. ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు, మా ఊరు నేర్పింది.

నా చిన్నప్పుడు అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వానకాలంలో తడిసిన పత్తికట్టెను ఊదీ ఊదీ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ జొన్నరొట్టెలు కాల్చేది. పొగ మానకపోతే చూపు మిగలదని జనగామ దవాఖానలో చెప్పాక, ఆ ఎండకాలం బాపు పెరట్లో గుండ్రటి గుంత తవ్వించి, ఇటుకలు కట్టించి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించి గోబర్ గ్యాస్ పెట్టించాడు. మేస్త్రీ ఎట్లాగూ వచ్చాడు కదా అని పక్కనే పాయఖానా కూడా కట్టించాడు. బాపు చేసిన తప్పు అదొక్కటే.

పొద్దున్నే బర్రెల కొట్టంలో పేడ ఎత్తి, తొట్టిలో నీళ్ళు పోసి, గడ్డిపరకలు ఏరేసి కలపడం నాకూ తమ్ముడికీ ఆట. మోచేతుల దాకా పేడతో ఒకరినొకరు తరుముకునేవాళ్ళం. ఎండెక్కేకొద్దీ డ్రమ్ము మెల్లగా పైకి లేచేది, చలికాలం మాత్రం అలిగినట్టు కిందే కూర్చునేది. పొయ్యి ముట్టిస్తే నీలం మంట చప్పుడు లేకుండా వెలిగేది. ఆ మంట మీద పెసరగారెలు వేస్తూ అమ్మ మొదటిసారి కళ్ళు తుడుచుకోకుండా మాతో మాట్లాడింది.

ఊరు మాత్రం నమ్మలేదు. పేడతో వాకిళ్ళు అలికేవాళ్ళకు పేడ మీద ఏ అభ్యంతరమూ లేదు, వాళ్ళ చూపంతా పక్కనున్న పాయఖానా మీదే. ఆ పైపు కూడా ఇందులోకే కలిపారన్న మాట ఎవరు పుట్టించారో గానీ, అది గడప గడపకూ తిరిగింది. మజ్జిగ కోసం రోజూ వచ్చే పక్కింటి లచ్చమ్మ రావడం మానేసింది. ఎప్పుడైనా ఎదురుపడి అమ్మ టీ తాగమంటే, "ఇప్పుడే తాగొచ్చిన వదినె, కడుపుల జాగ లేదు" అనేది. మగవాళ్ళు వచ్చి పైపుల వెంట నడిచి చూసి, తల ఊపి, చుట్ట వెలిగించుకుని పోయేవాళ్ళు. వాళ్ళ మొహాలు చూస్తే నాకే అనుమానం వచ్చేది.

అందరికంటే ఎక్కువ అనుమానం మా నాయినమ్మదే. మడీ శుభ్రం విషయంలో ఊరంతా ఆమెను చూసి జంకేది. కొట్టం పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని వేరే వండుకునేది. "పేడ లచ్చిమే, కాదన్నోళ్ళెవరు? గా పక్కది కలిసిందా లేదా, గది చెప్పు" అని రోజూ కొడుకును నిలదీసేది. చెప్పీ చెప్పీ విసిగిపోయిన బాపు చివరికి, "బతుకమ్మ నాడు ఊరోళ్ళు మన సద్ది తినకుంటే డ్రమ్ము పీకేస్తనే అవ్వా, సరేనా" అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ మంట తగ్గించి లోపలికి పోయింది.

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ ఆ మంట మీదే నువ్వులు వేయించి పొడి కొట్టింది, రొట్టెలు కాల్చి బెల్లం, నెయ్యి కలిపి మలీద చేసింది. తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలను చెరువులో వదిలాక, ఇంటి నుంచి కట్టుకొచ్చిన సద్దిని కట్ట మీద ఒకరికొకరు పంచి అక్కడే తినడం మా దగ్గర ఆచారం. అమ్మ పెట్టిన మలీదను అందరూ చేయి చాచి తీసుకున్నారు, కళ్ళకద్దుకున్నారు, కొంగున ముడేసుకున్నారు. నోట్లో మాత్రం ఒక్కరూ వేసుకోలేదు. ఒకామె తంగేడు పొద చాటుకు పోయి ముడి విప్పి దులిపేయడం నేను చూశాను, అమ్మా చూసింది. అమ్మ గిన్నె మీద కొంగు కప్పింది.

నాయినమ్మ కూడా చూసింది. గబగబా వచ్చి అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుని, కట్ట మీద అందరి మధ్యా చతికిలబడి, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, ఇంకో ముద్ద తీసుకుంది.

"నా కోడలు చేసింది. ఎట్లున్నదో తిని చెప్పుండ్రి" అంది గట్టిగా.

ఈమే తింటే ఇంక మనదేముంది అనుకున్నారేమో, ముందు లచ్చమ్మ కొంగు ముడి విప్పింది. తర్వాత మరొకామె. అందరూ తిన్నారని చెప్పను గానీ, గిన్నె ఖాళీ అయింది.

ఇంటికి రాగానే నాయినమ్మ కాళ్ళయినా కడుక్కోకుండా బాపు దగ్గరికి పోయి, గొంతు తగ్గించి అడిగింది. "కొడుకా, ఇగనన్న నిజం చెప్పు. గా పాయఖానా పైపు కలిపినవా?"

"లేదే అవ్వా, నీ మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెల్వవా" అని గొణుక్కుంటూ పోయింది. మర్నాటి నుంచి అమ్మ వండిందే తిన్నది.

ఇప్పుడు ఆ గుంత పూడ్చేశారు. బర్రెలు పోయాయి, తుప్పుపట్టిన డ్రమ్మును పాతసామానువాడు పట్టుకుపోయాడు, సిలిండరు వచ్చింది. అమ్మ ఈ వయసులోనూ అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నాయినమ్మ ఆ రోజు నమ్మి తిన్నదని ఊరంతా అనుకుంది. నమ్మకుండానే తిన్నదని మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. కోడలి కళ్ళ కోసం అట్లా ముద్ద మింగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.