నాలుగో చుక్క

కిందటేడు రియాద్‌లోని ఒక కీటకాల ల్యాబ్‌లో ప్రొబేషన్‌లో ఉన్నాను. బియ్యపు గింజంత టైగర్ బీటిల్ పురుగులను గమ్‌తో అట్టముక్కలకు అంటించి, రెక్కల మీది తెల్ల చుక్కలను బట్టి గుంపులు చేయడం నా పని.

ఒకరోజు మూడు చుక్కల గుంపులో నాలుగు చుక్కలది దొరికింది.

"కొత్త జాతేమో అబ్బీ, ఉండు, ముదీర్‌ను పిలుస్తా," అని మా సూపర్‌వైజర్ కడప సార్ పెద్ద మేనేజర్‌కు చేయడానికి ఫోన్ తీశారు. నాకు కాలు నిలవలేదు. మైక్రోస్కోపులో మళ్లీ చూశాను. మూడు చుక్కలు మామూలుగా ఉన్నాయి, నాలుగోది మెరుస్తోంది.

ఉద్యోగం ఊడితే ఊడిందనుకుని, "సార్, అది నా గమ్ సార్," అన్నాను.

తడి కుంచెతో తుడవగానే చుక్క పోయింది. ఉద్యోగం పోలేదు.

"పురుగు సంగతి సరే, నువ్వు ఏ గుంపో తెలిసిపాయెలే," అన్నారు సార్.

నేను కనిపెట్టిన జాతి పది నిమిషాలు బతికింది. ఇప్పటికీ కొత్త చుక్క కనబడితే ముందు నా వేళ్లు చూసుకుంటాను.