మా అత్త గొర్రు పట్టిన ఏడు

సినిమాల్లో పనిచేసే స్నేహితుడు నాకొకడున్నాడు. పనిచేసే అంటే, పని దొరికినప్పుడు. రెండువేల సంవత్సరం దాటినాక ఒకసారి అనంతపురం వచ్చి, బస్టాండు ముందర టీ తాగుతూ అడిగినాడు.

"నిజంగా బతికిన మనుషుల మీద సినిమా తీయాలని మా డైరెక్టరు కోరిక. మీ వైపు అలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు."

"మా వైపు అందరూ నిజంగానే బతుకుతాండారు. అదే గదా బాధ."

"జోకులొద్దు. తెర మీద చూపించదగ్గ జీవితం కావాలి."

"మా అత్త ఉండాది."

"ఏం చేసింది?"

"బుడ్డలు విత్తింది."

వాడు గ్లాసు బల్ల మీద పెట్టి నా మొహం చూసినాడు. వాడు కోస్తాలో కాలువ నీళ్ళ సీమవాడు. వాళ్ళ వైపు విత్తనం వేస్తే మొలుస్తుంది. అందుకని దాని మీద ఎవరూ సినిమా తీయరు. బుడ్డలంటే వేరుశనగ అని చెప్పేసరికే వాడి బస్సు వచ్చింది. ఆ రోజు చెప్పలేకపోయిన మిగతా కథ ఇది.

మా ఊరు కంబదూరు పక్కన. తొంభైలు ముగిసిపోయే ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేలోపల ఇంట్లో ఉండేవాణ్ని. "వచ్చేలోపల" అన్నది మా నాయన మాట. ఆయనకు దేన్నైనా నమ్మే గుణం ఉంది. లేకుంటే మా నేలలో సేద్యం చేయలేడు.

అత్త నాయనకు చెల్లెలు. మా ఇంటి వెనక వీధిలోనే కాపురం. మామ లారీ క్లీనరుగా బళ్ళారి వైపు పోయి దారి మర్చిపోయినాడు. అదే లారీ డ్రైవరుకు మాత్రం దారి బాగానే గుర్తుండి ఇంటికొచ్చినాడు. అప్పటినుంచి అత్తకు మిగిలింది ఒక చేను, ఒక జత ఎద్దులు, ఆ ఎద్దుల్ని తోలే జీతగాడు. ఆ ఏడు జీతగాడు కూడా బెంగుళూరు పోయినాడు. అక్కడ మేడలు కడుతున్నారనీ, ఆ పనికి వానతో నిమిత్తం లేదనీ ఎవరో చెప్పినారంట.

మృగశిర కార్తె చివర్లో ఒక మధ్యాహ్నం వాన పడింది. వాన అని మర్యాదకు అంటున్నాను. మన్ను పైపైన తడిసింది, లోపల తడిసీ తడవనట్టుంది. విత్తాలా వద్దా అని ఊరంతా పిడికిట్లో మన్ను పిసికి చూసుకుంటూ ఉంటే, అత్త మా ఇంటికొచ్చి నా ముందర నిలబడింది.

"ఏమల్లుడా, ఊరికేనే ఉండావు గదా. వచ్చి గింజలు పోయి. గొర్రు నేను పడతా."

నాయన తలెత్తినాడు. "మ్మే, ఊరు ఊరుకోదు."

"నేల పదును గూడా ఊరుకోదన్నా. రేపటికి ఆరిపోతాది."

గొర్రు అంటే ఎద్దుల వెనక నడిపే విత్తే పనిముట్టు. మా వైపు దాని మేడి, అంటే పిడి, పట్టేది మగవాడు. పైన జడ్డిగమని చెక్కతో చేసిన గిన్నె ఉంటుంది, పక్కన నడుస్తూ అందులో గింజలు పోసేది ఆడమనిషి. ఇది తారుమారైతే వాన అలుగుతుందని పెద్దల నమ్మకం. ఏ ఆడమనిషీ మేడి పట్టకుండానే వాన అప్పటికి ఎన్నో ఏళ్ళుగా అలిగి ఉంది. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అత్త కొంగు దోపుకుని మేడి పట్టింది. నేను పక్కన గింజలు పోస్తూ నడిచినాను. మొదటి సాళ్ళు పాము పాకినట్టు వచ్చినాయి. ఎద్దులు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసినాయి, జీతగాడి గొంతు ఇట్లా ఎందుకు మారిందా అని. పొద్దు వాలేసరికి చేనంతా విత్తేసినాము. గట్టు మీద పోయేవాళ్ళందరూ ఆగి అత్తను చూసినారు. నన్నెవరూ ఏమీ అనలేదు. డిగ్రీ చదివినవాడు ఆడవాళ్ళ పని చేస్తే వానకు అభ్యంతరం లేదనుకుంటాను.

మరుసటి పొద్దున రచ్చకట్ట దగ్గరికి అత్తను పిలిపించినారు. పిలిపించింది పెద్దాయన. ఊళ్ళో ఎక్కువ భూమి ఆయనదే. ఎలక్షన్లు వస్తే రెండు పార్టీల జీపులూ ముందు ఆయన ఇంటి దగ్గరే ఆగేవి. అరిచే మనిషి కాదు. బీపీ ఉంది.

"ఏమ్మా, ఊర్లో మొగోళ్ళు సచ్చిపోయినారా?"

"సావలేదు మామా. బెంగుళూరు పోయినారు."

నలుగురు నవ్వినారు. పెద్దాయన నవ్వలేదు. నవ్విన నలుగురూ దగ్గులోకి మారినారు.

"నగులాట గాదమ్మా. వాన ఎత్తిపోతే నీ ఒక్కదాని చేను గాదు, ఊరంతా ఎండిపోతాది. నా మాట ఇను. ఆరుద్ర పోయేలోపల వానొస్తే నీ గొర్రు నీది, ఎవురూ అడగరు. రాకుంటే చేను కోరుకిచ్చేయ్. మనిషిని నేను చూస్తా. ఇంగ జన్మలో మేడి ముట్టొద్దు."

కోరుకివ్వడమంటే చేను ఇంకొకరు సాగుచేసి పంటలో పాలు ఇవ్వడం. మగదిక్కు లేని ఇంటి చేను ఒకసారి కోరుకు పోయినాక తిరిగి ఆ ఇంటికి రావడం మా ఊళ్ళో నేను చూడలేదు. నాయనా చూడలేదు. ఆయన గొంతు సవరించుకునేలోపలే అత్త "సరే మామా" అనేసింది.

ఇంటికి వచ్చే దారిలో నాయన గొణిగినాడు. "ఎవుర్నడిగి సరే అంటివి?"

"కాదంటే ఇంటాడా ఆయప్ప?"

నాయన కండువా దులిపి ఇంకో భుజాన వేసుకున్నాడు.

ఆరుద్ర మొదలైంది. ఆ కార్తెలో మా వైపు గాలి తప్ప ఇంకేమీ సమృద్ధిగా ఉండదు. మధ్యాహ్నానికి పడమట కర్ణాటక దిక్కు నుంచి మోడాలు, అదే మబ్బులు, వచ్చేవి. నల్లగా, బరువుగా, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు వచ్చేవి. అందరం గడపల్లోకి వచ్చి నిలబడేవాళ్ళం. గాలి వాటిని మా నెత్తి మీదుగా తోలుకుపోయేది, సంతకు ఆలస్యమైన గొర్రెల మందను తోలినట్టు. రేడియోలో రాయలసీమలో అక్కడక్కడ జల్లులని చెప్పేవాళ్ళు. ఆ అక్కడక్కడలో మా ఊరు ఎప్పుడూ ఉండేది కాదు.

నాకు అన్నం సహించేది కాదు. చేను నాది కాదు, పందెం నాది కాదు. కానీ ఆ గింజల్ని నా చేత్తో పోసినాను. అరకొర తడిలో పడ్డ గింజ ఉబ్బుతుంది, ఉబ్బి మొలక మోసు పెడుతుంది, పైన తడి అందకుంటే అక్కడే మాడిపోతుంది. అసలు తడవకపోయినా బాగుండు, బతికుండేది. ఆశపెట్టిన వాన కన్నా రాని వానే నయమని ఆ రోజుల్లోనే నాకు అర్థమైంది. నా ఉద్యోగం దరఖాస్తులకు కూడా అది బాగా సరిపోయింది.

పొద్దునే చేనికి పోయి సాలులో వేలితో తవ్వి ఒక గింజ తీసి చూసేవాణ్ని. తెల్లగా ఉబ్బి ఉంటే మళ్ళీ పూడ్చేసి, ఇంకొక చోట తవ్వేవాణ్ని. ఒకరోజు అత్త వెనకనుంచి వచ్చి పట్టుకుంది.

"పొదిగే కోడిని దినామూ లేపి చూస్తే పిల్లలైతాయా అల్లుడా?"

"బతికిందో లేదో చూస్తాండా అత్తా."

"నువ్వు చూసిందంతా సచ్చింది గదరా. లెయ్."

లేచినాను. నేను గట్టు దిగి వెనక్కి చూస్తే, ఆమే కూర్చుని తవ్వి చూస్తోంది.

కార్తె సగం దాటినాక ఊరు వానదేవుణ్ని చేయాలనుకుంది. ఎండిన చెరువులోంచి మన్ను తెచ్చి, బొమ్మ చేసి, పీట మీద నిలబెట్టి, చుట్టూ వేపమండలు కట్టి, తప్పెట్లతో ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి గడప దగ్గరా పీట మోసే ఆమె ఆగుతుంది. ఇంటావిడ బిందెడు నీళ్ళు బొమ్మ మీద పోసి, చేటలో గింజలు పెడుతుంది. ఊరు తిరిగేసరికి దేవుడు కరిగి సగమవుతాడు. అన్ని ఇళ్ళ నీళ్ళూ పడితేనే వాన వస్తుందంటారు.

ఆ ఏడు మాత్రం, ఒక ఇల్లు తప్ప అని రచ్చకట్ట దగ్గర తీర్మానమైంది.

ఆ ఇల్లు అత్తది. అత్త ఇంటి ముందు ఆగి వాన రాకపోతే, ఆమె నీళ్ళు పడినందుకే రాలేదంటారు. ఆగకుండా పోయి వాన వస్తే, ఆగనందుకే వచ్చిందంటారు. ఎటు తిరిగినా తప్పు ఆమె గడపలోనే ఉండేటట్టు అంత పకడ్బందీగా ఆలోచించినవాళ్ళు బోరు ఎక్కడ వేయాలో ఒక్కసారీ ఆలోచించలేదు.

అయితే అందరూ ఒకటి మర్చిపోయినారు. ఊళ్ళో అప్పటికి నీళ్ళు వచ్చే బోరింగు ఒక్కటే. అది అత్త ఇంటి ముందర ఉంది.

పొద్దు పుట్టకముందే బిందెలు వరసలో కూర్చున్నాయి. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, అత్త వైపు చూడకుండా బోరింగు కొట్టుకుంటున్నారు. అత్త అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె ఏమంటుందోనని నేను స్తంభానికి ఆనుకుని నిలబడినాను. ఒకామె సగం బిందెకే ఎత్తుకోబోతే, అప్పుడంది.

"నిండా కొట్టుకోమ్మే. దేవుని పైన పోసేదానికి సగం బిందేమిటికి?"

ఆమె తల వంచుకుని మళ్ళీ కొట్టింది. కొట్టినంతసేపూ ఆ బోరింగు మూలిగింది.

తప్పెట్లు వీధిలోకి వచ్చినాయి. పక్కింటి ముందు దేవుడు ఆగినాడు, నీళ్ళు పడినాయి. తర్వాత గడప అత్తది. పీట మోసే ఆమె అలవాటు కొద్దీ కాలు ఇటు వేసింది. వెనకనుంచి పెద్దాయన దగ్గినాడు. ఆ కాలు గాల్లోనే ఆలోచించి, అవతలికి పడింది. తప్పెట్లు ఒక దెబ్బ తప్పి మళ్ళీ అందుకున్నాయి. ఊరేగింపు మమ్మల్ని దాటి పోయింది.

అప్పుడు చూసినాను. అత్త గడప లోపల, తలుపు చాటున, పసుపు పూసిన బిందె నిండా నీళ్ళతో ఉంది. ఎప్పుడు నింపి పెట్టుకుందో.

నేను చూడటం ఆమె చూసింది. "బియ్యం కడిగేదానికొస్తాయిలే" అని బిందె లోపలికి తీసుకుపోయింది.

ఆ తర్వాత రోజులు నేను సరిగా చెప్పలేను. మోడాలు వచ్చినాయి, పోయినాయి. కోరుకు చేసే మనిషి ఒకడు ఎందుకైనా మంచిదని చేని గట్టు మీద ఒకసారి నడిచిపోయినాడు. అత్త ఎద్దులకు మేత వేస్తూ వాటితో ఏదో మాట్లాడేది. నేను దగ్గరికి పోతే ఆపేసేది. నాయన దేవుడి పటం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడేవాడు. అడిగితే మేకు వదులైందేమోనని చూస్తున్నానన్నాడు.

ఆరుద్ర ఇంక పోతుందనగా, ఒక సాయంత్రం గాలి ఆగిపోయింది. గాలి ఆగితే మా వైపు ఎవరికీ ఊపిరాడదు, ఏం జరుగుతుందో తెలియక. తర్వాత రేకుల మీద ఒక చప్పుడు. ఇంకొకటి. ఆ పైన లెక్క లేదు. నేను తడుస్తూ వెనక వీధికి పరిగెత్తినాను. అత్త వాకిట్లో నిలబడి ఉంది. సంతోషంగా లేదు. మొహంలో ఇంకా భయమే ఉంది.

"నిలబడతాదంటావా అల్లుడా?"

నిలబడింది. చేను మొలిచింది. నేను తవ్విన చోట్ల సందులు తప్ప.

రచ్చకట్ట దగ్గర అందరూ ఒక మాట మీదే ఉన్నారు. ఆ ఇల్లు దాటి పోయినందుకే వాన వచ్చింది. పెద్దాయన మాత్రం మాట తప్పలేదు. గొర్రు జోలికి ఎవరూ రాలేదు. మరుసటి ఏడు కూడా దేవుడు అత్త గడప దాటుకుని పోయినాడు, ఆ పై ఏడు కూడా. అది ఆచారమైపోయింది. నీళ్ళు మాత్రం ఆ బోరింగువే. ఆమె ప్రతిసారీ బిందె నింపి తలుపు చాటున పెట్టుకునేది. అది ఆమె ఆచారం.

రెండువేలు దాటినాక కరువు ఇంకా ముదిరింది. పెద్దాయన జీతగాళ్ళు ఒక్కొక్కరే బెంగుళూరు పోయినారు. చివరికి ఆయన కొడుకు కూడా అక్కడే ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌లను పెట్టే పనిలో చేరినాడు. ఒక ఏడు మృగశిరలో కాస్త పదును పడిన రోజు, ఆయన అత్త ఇంటికి తానే వచ్చినాడు. అరుగు మీద కూర్చోలేదు. స్తంభం పక్కన నిలబడినాడు, నేను ఆ రోజు నిలబడిన చోట.

"ఏమ్మా, రేపు మా చేనికి రాగలవా గొర్రు పట్టేదానికి?"

అత్త చేట కింద పెట్టింది.

"వాన ఎత్తిపోతాదేమో మామా?"

ఆయన కాసేపు ఆకాశం వైపు చూసినాడు.

"పోయేదానికి ముందు అది ఉండాల గదమ్మా."

మరుసటి పొద్దున అత్త మేడి పట్టింది. జడ్డిగంలో గింజలు పోసేదానికి ఎవరూ దొరకలేదు. పంచె ఎగ్గట్టుకుని పెద్దాయనే పక్కన నడిచినాడు, బీపీతో సహా. పని అయినాక ఇద్దరూ గట్టు మీద నిలబడి పడమటి దిక్కుకు చూస్తూ ఉంటే, నేను సైకిలు మీద పోతూ చూసినాను. ఆయన ఏదో అడిగినాడు. అత్త వంగి, ఆయన సాలులో వేలు పెట్టి తవ్వి, ఇంకా తడవని గింజనొకదాన్ని తీసి చూసింది.