బ్యారన్ రాల్ఫ్ వంశమూ, యూసుఫ్ అంకుల్ కళ్ళూ

మొన్న సాయంత్రం ఇక్కడ సింగపూర్‌లో, పుంగ్గోల్ వెళ్ళే రైల్లో నా పక్కన కూర్చున్న ముసలావిడ చిన్న సీసా తీసి కణతలకు తైలం రాసుకుంది. కర్పూరం, లవంగం కలిసిన ఆ ఘాటులో పడి నేను దిగవలసిన స్టేషన్ దాటిపోయాను. యూసుఫ్ అంకుల్ గది నిండా అదే వాసన ఉండేది. చదివి చదివి కళ్ళు లాగినప్పుడల్లా ఆయన ఆ తైలమే రాసుకునేవారు. నొప్పి తగ్గేదేమో కాని, చూపు నిలవలేదు.

కంప్యూటర్ నేర్చిన ప్రతివాళ్ళూ విమానమెక్కుతున్న రోజులవి. నేనూ అలాగే సింగపూర్ వచ్చి, ఆంగ్ మో కియోలో ఆయన ఇంటికి ఎదురు ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. తాతగారి కాలం దాకా మాది జమీందారీ కుటుంబం. ఆ మాట నా అంతట నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఎదుటివారే తెలుసుకోవాలని మాత్రం ఎదురుచూసేదాన్ని. ఆఫీసువాళ్ళతో హాకర్ సెంటర్ తిండి కొట్లకు వెళితే, అందరిలా టేబుల్ మీద టిష్యూ పాకెట్ పెట్టి చోటు పట్టుకోవడం నాకు నామోషీ. నిలబడే తినేదాన్ని.

యూసుఫ్ అంకుల్‌ది హైదరాబాదు. ఇక్కడి బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో ఒక కోట దిబ్బ చూశారట. ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక అక్కడ పాతుకున్న ఒక వంశానిది అది. ఆ కోట కట్టించిన దొర, బ్యారన్ రాల్ఫ్ జీవితాన్నీ, అతని సంతానం కథనూ పుస్తకంగా రాయడమే ఆయన తనకోసం మిగుల్చుకున్న పని. నీటికాసుల జబ్బు ఆయన చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తోంది. అది పూర్తిగా పోయేలోగా పుస్తకం ముగించాలి. శనివారాలు ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని.

"రాల్ఫ్ చచ్చిపోయిండు. కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ, మటిల్డా. పసిపిల్ల. ఇప్పుడేమైతది చెప్పు?" అని అడిగారొకసారి.

"తల్లి పెంచుకుంటుంది."

"నక్కో బేటీ. తల్లికేం హక్కు? వారసురాలు రాజు చేతిల ఉంటది. ఆ పిల్ల పెంపకం, పెండ్లి రెండూ కలిపి ఎవనికో అమ్ముకుంటడు. కొన్నోడు తన కొడుక్కి చేసుకుంటడు. ఆ పిలగాడు చస్తే మళ్ళ అమ్మకం."

"అంత పెద్దింటి పిల్లనా?"

"పెద్దింటిదనే కదా గిరాకీ!" అని నవ్వారు.

వంటింట్లోంచి ఆయన భార్య సబీహా ఆంటీ, "పెండ్లి కాని పిల్లకు చెప్పే ముచ్చట్లా ఇవి? చాయ్ చల్లారుతున్నది, ముందు తాగనీయుండ్రి," అని కేకేశారు.

ఆ రోజే, కప్పు కింద పెడుతూ ఆయన మామూలుగా అడిగారు. "మీ ఇంటిపేరోళ్ళకూ కోట ఉండె కదా. ఏమైంది?"

"బడికి దానమిచ్చాం," అన్నాను. మా ఇంట్లో అందరం చెప్పే మాట అది. చిన్నప్పటి నుంచి చెప్పీ చెప్పీ ఒక్క అక్షరం తడబడకుండా వచ్చేది.

"దానమా, వేలమా?"

"మా ఇంట్లో దానమనే అంటారు." లేచి వచ్చేశాను. తర్వాత చాలా వారాలు ఆ తలుపు తట్టలేదు. చివరికి ఆంటీయే వచ్చారు. "ఆయనకు ఎడమ కన్ను పోయింది. కోటల కోసం కొట్లాడుకుంటే కొట్లాడుకోండ్రి, మా ఇంట్ల కూసోని కొట్లాడుకోండ్రి," అన్నారు. వెళ్ళాను. ఆయన క్షమాపణ అడగలేదు. నేను కుర్చీలో కూర్చుంటూ, "వేలమే," అన్నాను. "హౌ, సరే. రాయి," అని ఆయన కొత్త పేరా అందుకున్నారు.

ఆఖరి అధ్యాయానికి వచ్చేసరికి రెండో కన్ను కూడా పోయింది. మటిల్డా ముగ్గురు భర్తల చేతులు మారింది. పిల్లలు దక్కలేదు. కోట రాజు పరమైంది.

"మటిల్డా కోట ఇడిచి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలియదు. అంతే, ఫుల్ స్టాప్," అన్నారు.

"ఏదో మఠంలో ప్రశాంతంగా కన్నుమూసిందని రాద్దాం అంకుల్. ఆ కాలం వితంతువులు చాలామంది అలాగే వెళ్ళారని మీరే చెప్పారు."

"చాలామంది పోయిన్రు. ఈమె పోయిందా?"

"తెలియదు. కానీ ఇలా ముగిస్తే ఎవరూ అచ్చు వేయరు."

ఆయన నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పారు. "బతికినన్నాళ్ళు ఆమెను ఎవనికెట్ల కావాల్నో అట్ల వాడుకున్రు. ఇప్పుడు నువ్వు కూడానా బిడ్డా?"

ఆయన చెప్పినట్టే టైపు చేశాను. ముగింపు లేదంటూ పంపిన చోటల్లా పుస్తకాన్ని తిప్పి పంపారు. వానాకాలంలో ఆయన పోయారు.

కొన్ని వారాల తర్వాత ఆయన కొడుకు ఇమ్రాన్, బ్లాక్ కింద ఖాళీ స్థలంలో కుర్చీలు వేయించి, తండ్రిని తలుచుకోవడానికి తెలిసినవారిని పిలిచాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, మాటల చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తాడు. నన్ను పక్కకు పిలిచి, "అక్కా, బుక్ వస్తుందని చెప్పు లా. పబ్లిషర్ ఓకే అన్నాడని. మమ్మీ విల్ ఫీల్ బెటర్," అన్నాడు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు.

నేను నిటారుగా నిలబడి మాట్లాడాను. యూసుఫ్ అంకుల్ ఏళ్ళ తరబడి ఒక పుస్తకం రాశారని, దాన్ని ఎవరూ వేయలేదని, ఇక వేస్తారని నేననుకోవడం లేదని చెప్పాను. చివరి రోజుల్లో ఆయన తృప్తిగా ఉన్నారా అన్నది నాకు తెలియదని కూడా చెప్పాను. సబీహా ఆంటీ దుపట్టా ముఖం మీదికి లాక్కున్నారు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి నాకు పిలుపు రాలేదు. ఆంటీ నన్ను అర్థం చేసుకున్నారో, అసహ్యించుకున్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు ఆవిడా లేరు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఈ ఒక్కటే. మా వంశం గురించి ఎవరైనా అడిగితే నాతో ఆఖరని చెబుతాను. నిజం చెబితే గుండె తేలికవుతుందని అంటారు, నాకెప్పుడూ కాలేదు. చావు ఇళ్ళకు వెళ్ళినప్పుడు అందరూ ఏదో ఒక మంచిమాట అంటారు. నాకు నోరు రాదు. పోయినవారి ఫోటో ముందు కాసేపు నిలబడి, ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని వచ్చేస్తాను.